ఒకే పెట్టెలోని మందు

వలిని బడి మాన్పించి నాలుగు నెలలైంది. డాక్టరు పంపిన నెత్తురు పరీక్షకు మద్రాసు నుంచి వచ్చిన కాగితంలో అన్న పేరుకు ఎదురుగానూ, కొడుకు పేరుకు ఎదురుగానూ ఒకే మాట రాసి ఉందని తెలిసిన రోజు నుంచి హజరాబీ పిల్లవాణ్ణి గడప దాటనివ్వలేదు. నెత్తురు ఆగని జబ్బు ఆమె పుట్టింటి మగవాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది. ఆడవాళ్ళ కడుపుల గుండా వచ్చి మగపిల్లల మోకాళ్ళలో, మోచేతుల్లో కూర్చుంటుంది. అన్న ఖలీలుల్లాకు అలాగే వచ్చింది, తన కొడుకు వలికీ వచ్చింది. దానికి అలవాటుపడ్డ ఇల్లే అది. కాని ఆ నెత్తురు ఆపడానికి తెచ్చిన మందులోనే ఎయిడ్స్ అనే మరో జబ్బు దూరి వచ్చిందని ఆత్మకూరు డాక్టరు జనార్దనయ్య చెప్పాక, ఇంకా తట్టుకోవడానికి ఆమెలో చోటు మిగలలేదు.

పోయిన బుధవారం బస్సు కండక్టరు అంకారావు ఆమె ఊరు ఉదయగిరిలో కనిపించి, "మీ అన్న గడియారాల బంకు తెరవక నెల దాటిందమ్మా, ఒంట్లో బాగలేదంట" అన్నాడు. ఆ మాటతో ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. రెండు గోనెసంచుల్లో బట్టలూ గిన్నెలూ సర్దింది. గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయాల్సిన చెక్క స్పూన్లను, పని ఇచ్చినవాళ్ళకే తిరిగి అప్పగించింది. లారీ మీద పోయిన భర్త లాల్ బాషా వస్తే చెప్పమని పక్కింట్లో చెప్పింది. ఇంటికి తాళం వేసి, పన్నెండేళ్ళ కొడుకు చేయి పట్టుకుని బస్సెక్కింది. అనుమసముద్రంపేట దర్గాకు పోవాలి. పోయి రావడానికి కాదు, ఉన్నన్నాళ్ళు అక్కడే ఉండిపోవడానికి. దారిలో ఆత్మకూరులో దిగి అన్నను కూడా వెంట తీసుకుపోవాలి.

అలా ఆమె, 1989 నవంబరు ముసురులో, మధ్యాహ్నం మూడు గంటలకు, అన్న గది ముందుకొచ్చి నిలబడింది.

బస్సు డిపో వెనక సందులో చివరి గది అది. తలుపు తెరిచే ఉంది. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కుడికంటికి భూతద్దం బిగించి, ఖలీలుల్లా ఒక చేతిగడియారం విప్పుకుని కూర్చున్నాడు. బంకు మూసినా పని మానలేదన్నమాట. ఉదయగిరిలో కత్తి పట్టి చెక్క చెక్కే ఇంట్లో పుట్టి, కత్తి పట్టకూడని ఒళ్ళు తెచ్చుకున్న మనిషి అతను. మోకాళ్ళు సరిగా వంగవు, కర్ర లేకుండా నడవలేడు. పదిహేనో ఏట ఆత్మకూరు వచ్చి, ఒక ముసలి మేస్త్రీ పక్కన కూర్చుని, నెత్తురు చిందకుండా చేయగలిగిన పని ఒకటి వెతుక్కుని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆత్మకూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆగిపోయిన గడియారం ఏదైనా అతని బల్ల మీదికే వస్తుంది.

"ఏంది హజరా, ఇల్లంతా ఎత్తుకొచ్చినావు? తలుపులు మరిచిపోయినట్టుండావే" అన్నాడు తల పూర్తిగా తిప్పకుండానే.

"తలుపులకు తాళమేసి వచ్చినా."

"మంచిపని చేసినావు. ఒరే వలీ, ఇట్రా. కుంటోళ్ళం ఇద్దరం ఒకచోట చేరితే ఒక నిండు మనిషవుతాం."

వలి నవ్వుతూ పోయి మామ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. హజరాబీ నవ్వలేదు. ఆమె చూస్తోంది. చెక్క మీద ఎక్కడ గరుకు మిగిలిందో వేలికొసతో కనిపెట్టే పని ఇరవై ఏళ్ళుగా చేస్తున్న మనిషి. కళ్ళతో చూసినా ఆమెకు అలాగే తెలుస్తుంది. అన్న రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. వాటిమీద స్వెట్టరు, మెడకు మఫ్లరు. అంత కప్పుకున్నా ఒంటికీ బట్టకూ మధ్య జాగా మిగిలిపోయి ఉంది.

దగ్గరికి పోయి మఫ్లరు విప్పింది. అతను వద్దనలేదు. మెడనరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి.

"నోరు తెరువు" అంది. చిన్నప్పుడు అతని పళ్ళ చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే అమ్మ అడిగినట్టే అడిగింది. నాలుక మీదంతా తెల్లటి పూత పేరుకుని ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రోజూ తోముతానే ఉండా."

"అన్నా. ఎన్నాళ్ళ నుంచి అంటుండా."

"పోయిన ఏడు చలికాలం నుంచి జ్వరం వచ్చిపోతా ఉండాది" అన్నాడు అతను మామూలుగా, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. "రంజాన్ నాటికి ఒళ్ళు తగ్గడం మొదలైంది."

రంజాన్ పండగ వేసవిలో వచ్చింది. ఆ ఎండలో కూడా అతను రెండు చొక్కాలతోనే ఉదయగిరి వచ్చాడు. ఇదేం వేషమని ఆమె ఎగతాళి చేస్తే, "గడియారాల షావుకారును, ఒక చొక్కాతో మర్యాదేముంటుంది" అన్నాడు. అది నమ్మి నవ్వింది తను. నవ్వి, ఇంకో గిన్నెడు సేమ్యా వడ్డించింది. ఆ నోటితో అతను ఆ గిన్నె ఖాళీ చేసి, బాగుందని కూడా అన్నాడు.

"నాకెందుకు దాచినావు?"

ఖలీలుల్లా భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు నన్ను చూడవు హజరా. నన్ను చూస్తా చూస్తా నాలో వాణ్ణి చూస్తావు. నాకు జ్వరమొస్తే పోయి వాడి నుదురు తడుముతావు. నేను రెండు కిలోలు తగ్గితే వాడి ఎముకలు లెక్కబెడతావు. అందుకని."

"కాదా మరి? ఒకే పెట్టెలోని మందు. ఒకే రోజు."

ఆ రోజు ఇద్దరికీ బాగా గుర్తు.

అయిదేళ్ళ కిందటి వేసవి. వలికి ఏడో ఏడు నడుస్తోంది, ఇంకా సున్తీ కాలేదు. చిన్నతనంలో తనకు సున్తీ చేసినప్పుడు పద్దెనిమిది రోజులు నెత్తురు ఆగక చావు అంచుదాకా పోయి వచ్చినవాడు ఖలీలుల్లా. ప్రాణం మీదికి వచ్చేటట్టుంటే విడిచిపెట్టినా తప్పులేదని మసీదులో పెద్దాయన కూడా చెప్పాడు. విననిది హజరాబీయే. ఊళ్ళో పిల్లలు వాణ్ణి ఆటపట్టిస్తున్నారని, రేపు పెళ్ళినాడు నలుగురూ ఏమంటారని ఏడ్చి పట్టుబట్టింది. చెల్లెలి ఏడుపు చూడలేక ఖలీలుల్లా మద్రాసు పోయాడు. ఇలాంటి జబ్బున్నవాళ్ళ కోసం బయటిదేశం నుంచి దానంగా వచ్చిన మందు పెట్టె ఒకటి సంపాదించాడు. ఐసు నింపిన డబ్బాలో పెట్టుకుని, దారిపొడుగునా ఒళ్ళోంచి దించకుండా తెచ్చాడు.

జనార్దనయ్య ఆసుపత్రిలో వలిని బల్ల మీద పడుకోబెట్టాక, సూదిలోకి మందు తీస్తుంటే, "ఆగండి సార్, ముందు నాకు వెయ్యండి" అని ఖలీలుల్లా చొక్కా చేయి పైకి మడిచాడు. వాళ్ళింట్లో అది రివాజు. కొత్త మాత్రైనా, కొత్త కషాయమైనా ముందు మామ మింగాలి, ఆ తర్వాతే వలికి. కొత్త మందు బిడ్డకు పడుతుందో లేదోనని అతను ముందు తన ఒంటిమీద చూసుకునేవాడు. ఆ రోజూ గంటసేపు కూర్చుని, తనకేమీ కాలేదని తేల్చుకున్నాకే పిల్లవాడికి వేయించాడు. విషమనేది ఏదైనా గంటలో బయటపడుతుందని వాళ్ళు నమ్మారు. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చునేది ఒకటుంటుందని వాళ్ళకేం తెలుసు?

"పట్టుబట్టింది నేను" అంది హజరాబీ.

"తెచ్చింది నేను. ఈ పందెంలో ఇద్దరం గెలవలేం, విడిచిపెట్టు." అతను కర్ర అందుకుని, గోనెసంచుల వైపు చూపించాడు. "ఇవెందుకు తెచ్చినావో చెప్పు."

"దర్గాకు పోదాం. ముగ్గురం. నువ్వూ రా అన్నా. బాబా దగ్గర పడి ఉందాం. వండిపెట్టేదానికి నేనుండా. ఆడ ఎవురూ మనల్ని ఏమీ అడగరు. నువ్వు పోయేదాకా నీకు, ఆ తర్వాత..."

వలి అక్కడే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చి ఆమె ఆగిపోయింది. "వలీ, పోయి డిపోలో బస్సులు చూసిరా పో."

"ఉండనీ" అన్నాడు ఖలీలుల్లా. "వాడి సంగతే గదా. వాడు లేకుండా మాట్లాడేది ఏముండాది?"

"పసిబిడ్డ వాడు."

"నాకు తెలుసు మా" అన్నాడు వలి, బల్ల మీద ఉన్న చిన్న స్క్రూను గోటితో దొర్లిస్తూ. "పేపర్లో వచ్చినాది. నువ్వు బియ్యం డబ్బా కింద పెట్టిన కాగితం గూడా చూసినా."

హజరాబీ కొడుకు ముఖంలోకి చూసింది. ఈ నాలుగు నెలలూ వాడు ఒక్క ప్రశ్న అడగలేదు. బడికి ఎందుకు పోకూడదని కూడా అడగలేదు. అమ్మ బాధపడుతుందని తెలిసి మింగేశాడన్నమాట. ఎవరి పోలికో ఆమెకు తెలుసు.

"దర్గాకు మొక్కేదానికి రమ్మను, వస్తా" అన్నాడు ఖలీలుల్లా. "కర్ర పట్టుకునైనా వస్తా. అంతేగాని సావు వస్తాదని కూర్చోని దారి చూసేదానికైతే నేను రాను. వాణ్ణీ పోనీను. ఒకే రోజు ఒకే మందు పడింది, నిజమే. కాని నాకు అప్పుడు ముప్పై ఎనిమిది. వాడికి ఏడు. ఆ జబ్బు పెద్దోళ్ళలో నడిచినంత వేగంగా పిల్లోళ్ళలో నడవదంట హజరా. ఇదిగో, ఈ రెండు గడియారాలు చూడు. రెండింటికీ ఈ పొద్దే కీ ఇచ్చినా. పాతది సాయంత్రానికి ఆగిపోతాది. కొత్తది..."

"మనుషుల్ని గడియారాలతో కొలవబాక అన్నా. నువ్వు చెప్పినట్టు తిరగతాయి కాబట్టి నీకు అవి ముద్దు. నీ ఒళ్ళు నువ్వు చెప్పినట్టు వినిందా?"

అతను ఆ రెండు గడియారాలనూ ఎత్తి సొరుగులో పెట్టేశాడు. "ల్యా. వినలేదు. నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు.

"అయినా నీ మాట ఎట్టా నమ్మేది? పుట్టినప్పటి నుంచీ నాకు అబద్ధాలే చెబుతుండావు. నొప్పి ల్యా అంటావు. ఆకలైందంటావు. రెండు చొక్కాలు షోకు కోసమంటావు."

"నా మాట నమ్మొద్దులే. రోజూ ఈ వేళకు ఒకాయన వస్తాడు, ఆయన్నడుగు. ఆయనకు అబద్ధమాడను చేతకాదు, అందుకే ప్రాక్టీసు పెరగలేదు."

అతను అన్నట్టే కాసేపటికి గొడుగు దులుపుకుంటూ జనార్దనయ్య లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. సాయంత్రం ఆసుపత్రి తెరిచేముందు రోజూ ఇటు వచ్చి ఖలీలుల్లాను చూసి పోతాడు. ఈ జబ్బు పేరు వింటేనే తలుపులు మూసుకునే రోజుల్లో, ఆయన వచ్చి మంచం మీదే కూర్చుంటాడు, అతని కప్పులోనే టీ తాగుతాడు. హజరాబీని, సంచులను, పిల్లవాణ్ణి ఒకసారి చూసి ఆయనకు విషయం అర్థమైంది.

"సార్" అంది హజరాబీ నిలబడే. "పెద్దోళ్ళకూ పిల్లోళ్ళకూ తేడా ఉండాదంటున్నాడు మా అన్న. నన్ను ఊరుకోబెట్టేదానికా, నిజంగానా?"

"నిజంగానే."

"ఎంతమందిని చూసి చెబుతున్నారు?"

జనార్దనయ్య ఆ ప్రశ్నకు తలెత్తి చూశాడు. నలభై ఏళ్ళ వైద్యంలో ఆయన్ను అలా అడిగినవాళ్ళు తక్కువ.

"నేను చూసింది తక్కువేనమ్మా. బయటి దేశాల్లో వందలమందిని చూసినారు. అందరూ మీవాళ్ళ మాదిరే నెత్తురు ఆగని జబ్బున్నోళ్ళు, అందరికీ మందులోనుంచే వచ్చినాది. ఎవరికి ఏ ఏడు పట్టిందో లెక్క తీసినారు. అప్పుడు వాళ్ళ వయసెంతో రాసుకున్నారు. తర్వాత ఏళ్ళ తరబడి చూస్తా కూర్చున్నారు. పెద్ద వయసులో పట్టినోళ్ళు ముందు పడిపోతుండారు. ఎంత పెద్ద వయసైతే అంత తొందరగా. పిల్లోళ్ళు, పది పదిహేనేళ్ళ లోపల పట్టినోళ్ళు, వాళ్ళకంటే బాగా నిలబడుతుండారు."

"ఎందుకట్టా?"

"తెలీదు. అసలు తెలిసినోళ్ళు ఇంకా ఎవరూ లేరు. చిన్న ఒంట్లో పోరాడే శక్తి ఎక్కువేమో అంటుండారు."

"అయితే వీడికి రాదా?"

ఖలీలుల్లా కిటికీ బయటికి చూస్తున్నాడు. జనార్దనయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రాదని నేను అనలేదమ్మా. ఆలస్యంగా అన్నా. ఎన్నేళ్ళంటే చెప్పలేను. అయిదో, పదో, ఇంకా ఎక్కువో. ఆ ఏళ్ళలో ఏదన్నా మందు కనుక్కుంటారేమో, అదీ చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్తా. మీ అన్న ఒళ్ళు చూసి నీ కొడుకు లెక్క వేయబాక. ఆ లెక్క తప్పు."

హజరాబీ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. వాన కాసేపు గట్టిగా కురిసి మళ్ళీ తగ్గింది.

"ఇంకొకటి గూడా నీకు తెలియాల" అన్నాడు డాక్టరు.

"సార్" అన్నాడు ఖలీలుల్లా.

"నువ్వు ఊరుకో. ఏడాదిగా నీ మాట వినీ వినీ నాకు విసుగుపుట్టినాది." ఆయన హజరాబీ వైపు తిరిగాడు. "పోయిన ఏడు వీడికి జ్వరం మొదలైనప్పుడే మద్రాసు పంపినా. అక్కడి డాక్టరు వీళ్ళిద్దరి సంగతీ విని, ఒకే రోజు ఒకే మందు పడిన పెద్దాయనా పిల్లోడూ దొరికేది అరుదు, ఇద్దర్నీ గమనిస్తే మాకు నేర్చుకునేది ఉండాదన్నాడు. వీడు ఒక షరతు పెట్టినాడు. నా నెత్తురు ఎంత కావాలంటే అంత తీసుకోండి, ఎన్నిసార్లైనా వస్తా, దానికి బదులు పిల్లోడి నెత్తురు గూడా ప్రతిసారీ చూసి చెప్పాల, వాడికి జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ముందు మీరే చూడాల అని. సూది గుచ్చితే మనకైతే దూదిముక్కతో పోతాది. వీడికి పూటంతా చేయి అదిమిపట్టుకుని కూర్చోవాల. ఆ చేతితోనే మళ్ళీ బస్సెక్కి వచ్చి బంకు తెరిచేవాడు. ఆరుసార్లు పోయినాడు."

"వలి మూడుసార్లు వచ్చినాడు" అన్నాడు ఖలీలుల్లా, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"సముద్రం చూపిస్తానని తీసకపోయినావు" అంది హజరాబీ నెమ్మదిగా.

"చూపించినాడు మా" అన్నాడు వలి. "అది గూడా చూపించినాడు. నెత్తురు ముందు మామ ఇచ్చేవాడు, తర్వాత నేను."

ఆమెకు ఆ మూడు ప్రయాణాలూ గుర్తొచ్చాయి. ప్రతిసారీ కొడుకు జేబులో శంఖాలో గవ్వలో పెట్టుకుని నవ్వుతూ దిగేవాడు. వెనక అన్న కర్ర ఊనుకుంటూ, మోచేతి మీద గుడ్డకట్టును చొక్కా కింద దాచుకుని దిగేవాడు. ఎండకు తోలు పోయిందంటే నమ్మింది. అబద్ధాల మనిషి. అతని అబద్ధాల్లో ఒక్కటైనా తన కోసం ఆడుకున్నది ఉందా అని వెతికింది. ఒక్కటీ దొరకలేదు. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. వంగని మోకాళ్ళతో, సరిగా మింగలేని నోటితో, ఈ మనిషి ఏడాదిగా తన బిడ్డ చుట్టూ కంచె కట్టుకుంటూ తిరిగాడు. తను మాత్రం గడపకు అడ్డంగా కూర్చుని అదే కాపలా అనుకుంది.

"వలి లెక్క ఎట్టా ఉండాది సార్?"

"నెత్తుట్లో జబ్బుల మీద పోరాడే కణాలు ఒక రకం ఉంటాయి. మీ అన్నకు అవి నాలుగో వంతు గూడా మిగల్లేదు. వీడికి జూలై దాకా తగ్గనే లేదు. ఆ తర్వాతది నాకు తెలీదు. నువ్వు బయటికి పంపిస్తే గదా తెలిసేది."

హజరాబీ తలవంచుకుంది.

"డాక్టరయ్యా" అన్నాడు వలి. "నేను టెన్త్ పరీక్ష రాస్తానా?"

"ముందు ఏడో తరగతి రాయరా. నాలుగు నెలలు బడికి ఎగ్గొట్టి టెన్త్ సంగతి అడుగుతుండావా?"

వలి నవ్వలేదు. మామ వైపు తిరిగాడు. వాడికి కావలసింది ఆ జవాబు కాదని ఖలీలుల్లాకు తెలుసు. మేనల్లుడి భుజం మీద చేయి వేశాడు.

"రాస్తావనే అనుకుంటుండారా. ఒట్టు పెట్టమంటే పెట్టలేను. నేనైతే చూడను. నువ్వు రాస్తావు."

హజరాబీ లేచి గోనెసంచి మూతి తాడు విప్పింది. గిన్నెలు ఒక్కొక్కటీ బయటికి తీసి, మూలన కిరసనాయిలు స్టవ్ పక్కన వరసగా పెట్టింది. సత్తు గిన్నె కడిగింది.

"బియ్యం యాడుండాయి అన్నా?"

"దర్గాకు పోవా?"

"శుక్రవారం పోయి మొక్కి, సాయంత్రానికి వచ్చేస్తాం. సోమవారం వీణ్ణి ఈడ హైస్కూల్లో చేర్పిస్తా. ఇంటికాడ స్పూన్ల పని ఈడికే తెప్పించుకుంటా. నువ్వు మింగేటట్టు గంజి కాస్తా. అబద్ధం చెప్పకుండా, ఎంత తాగగలవో అంతే తాగు."

ఖలీలుల్లా బల్ల కింద నుంచి బియ్యం డబ్బాను కర్రతో ముందుకు నెట్టాడు.

జనార్దనయ్య లేవబోతూ, మరిచిపోయినట్టుగా జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న వచ్చినాది ఖలీల్. నువ్వు అనుకున్నట్టే ఉండాది."

ఖలీలుల్లా చేయి చాపేలోపలే హజరాబీ ఆ కాగితం అందుకుంది. ఉదయగిరి బడిలో అయిదు దాకా చదివిన మనిషి ఆమె. ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుని చదవగలదు, అంకెలకు భాష అక్కర్లేదు. మొదటి వరసలో అన్న పేరు, వయసు 43. రెండో వరసలో కొడుకు పేరు, వయసు 12. ఇద్దరికీ మందు పడిన తేదీ ఒకటే. కాగితం అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. మూడో వరస ఉంది, దాని ఎదురుగానూ అదే మాట. మందు పడిన తేదీ వాళ్ళ తేదీకి సరిగ్గా పదకొండు రోజుల తర్వాతిది.

"కొండయ్య. సంగం" అని చదివింది. "వయసు ఆరు." తలెత్తింది. "ఎవురన్నా ఇది?"

ఖలీలుల్లా ముఖం మారిపోయింది. ఇంతసేపూ జోకులు వేసిన మనిషి, చావు గురించి పేపరు వార్తలా చెప్పిన మనిషి, ఇప్పుడు మాట కోసం తడుముకున్నాడు.

"పెట్టెలో ఒక సీసా మిగిలినాది హజరా. సంగంలో ఆదినారాయణ అని ఒక రైతు. వాళ్ళ బిడ్డ అప్పుడు ఏడాదోడు. నడక నేర్చుకుంటా పడి నాలుక కొరుక్కున్నాడు. మూడు రోజులు నెత్తురు ఆగలేదు. వాళ్ళమ్మ చెంచులక్ష్మి వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రిలో నిలబడుంటే, సీసా నేనే తెచ్చిచ్చినా. ఆ గంటలోనే ఆగింది. ఆమె నా కాళ్ళు పట్టుకోబోయింది. ఆ బిడ్డకు మాత్రం నేను ముందు వేయించుకోలేదు. అప్పటికే చూసినాం గదా, మంచి మందు అనుకున్నా."

"వాళ్ళకు తెలుసా?"

"పోయిన నెల పిల్లోణ్ణి చిగుళ్ళ నెత్తురని తెస్తే, పరీక్షకని తీసి పంపినా" అన్నాడు డాక్టరు. "ఫలితం నిన్ననే వచ్చినాది. రేపు నేనే పిలిపించి చెప్తా."

"వద్దు సార్" అన్నాడు ఖలీలుల్లా. "ఇచ్చింది నేను. చెప్పాల్సింది నేను." కర్ర మీద బరువు వేసి లేవబోయాడు. మోకాలు నిలవలేదు. బల్ల అంచు పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు.

హజరాబీ కాగితాన్ని మడిచి చేతిలో పెట్టుకుంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది.

"అంత పసోడికి పడితే ఎట్టుంటాది సార్? ఏడేళ్ళ వాడికంటే మేలా?"

"అంత చిన్నోళ్ళ సంగతి ఇంకా సరిగా తేలలేదమ్మా. మేలనే నా ఆశ. మూడు నెలలకొకసారి చూసుకుంటా ఉంటే, జ్వరాలు వదిలేయకుండా ఉంటే, ఏళ్ళు దొరకొచ్చు. మొదట ఆ తల్లి భయపడి తలుపేసుకోకుండా ఉండాల."

"ఆ తలుపేసుకునేది ఎట్టుంటాదో నాకు తెలుసు" అంది హజరాబీ. "నేను పోతా."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆమె సంగంలో బస్సు దిగింది. ముసురు విడిచింది. కాలువ గట్టు పక్కన మడుల్లో నారు పీకుతున్న కూలీలను అడిగితే ఇల్లు చూపించారు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ నడిచింది. ముందు పిల్లలకు ఏళ్ళు ఉంటాయని చెప్పాలి. తర్వాత జబ్బు పేరు చెప్పాలి. కాదు, ముందు తన కొడుకు సంగతి చెప్పాలి. అప్పుడు ఆమెకు తను ఒక్కతే కాదని తెలుస్తుంది.

పెంకుటింటి ముందు ఒక పిల్లవాడు చెక్కబండి లాక్కుంటూ తిరుగుతున్నాడు. రెండు మోకాళ్ళకూ పాత గుడ్డలు మందంగా చుట్టి ఉన్నాయి. పడినా దెబ్బ తగలకుండా ఏ తల్లీ ఇంత ఓపికగా చుట్టదు, ఈ జబ్బున్న బిడ్డ తల్లి తప్ప. వలికి ఆ వయసులో తనూ అలాగే చుట్టింది.

లోపల్నుంచి ముప్పై ఏళ్ళు కూడా లేని ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవురు కావాలక్కా?"

"చెంచులక్ష్మి అంటే నువ్వేనా? ఆత్మకూరు నుంచి వచ్చినా. గడియారాల ఖలీలుల్లా చెల్లెల్ని."

ఆ పేరు వినగానే చెంచులక్ష్మి ముఖం విప్పారింది. గబగబా ముందుకొచ్చి హజరాబీ రెండు చేతులూ పట్టుకుంది. వెనక్కి తిరిగి ఇంట్లోకి కేకేసింది.

"అత్తా, ఇట్రా. మన కొండయ్యకు మందిచ్చి బతికించినాడే, ఆ అన్న చెల్లెలంట." తర్వాత హజరాబీ వైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది. "రోజూ దీపం పెట్టేటప్పుడు మీ అన్న పేరు తలుచుకుంటానక్కా. ఆ సీసా లేకుంటే నా బిడ్డ లేడు. లోపలికి రా. ఏదో చెప్పాలని వచ్చినట్టుండావు, ఏంది?"

హజరాబీ గడప ఇవతలే నిలబడిపోయింది. చెక్కబండి పిల్లవాడు దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, ఆమె ఏం చెబుతుందోనని చూస్తున్నాడు.